ఎండలో ఆడువారి చత్వారము

నలువది యేండ్లు దాటిన పిదప మానవనేత్రమునందలి కటకము నానాటికిని తన మార్దవమును కోల్పోయి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బవలసినంతగా ఉబ్బలేకపోవుటచేత, అంతవరకు ఒడిలో పెట్టుకొని చదివిన పత్రికను చేయి చాచి దూరముగ పట్టుకొని చదువవలసిన స్థితి ప్రాప్తించును. చత్వారమని మనవారు చెప్పుకొను ఈ మార్పు వ్యాధి కాదు. ఎంతటి బలశాలియు దీనిని తప్పించుకొనజాలడు. అయితే ఉద్యోగము కుదుటపడి, పిల్లలు ఎదిగి, వైద్యుడు వ్యాయామమును గూర్చి హెచ్చరించిన మీదట అనేకులు మరల ఆటలవైపు మొగ్గుచున్నదియు సరిగా ఈ వయస్సునందే. విశాఖపట్టణపు సముద్రతీరమున ప్రాతఃకాలమున పరుగెత్తువారిలోను, హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో సౌరఫలకముల నీడన వెలసిన 23 కిలోమీటర్ల సైకిలు బాటపై సాగువారిలోను నెరసిన తలలు ఎన్నియో కానవచ్చును. దూరదృష్టికి ఒక పవరు, దగ్గరిచూపునకు మరియొక పవరు, ఎండకు చలువ అద్దము, ఈ మూడును ఒకే కళ్లజోడులో ఇముడవలెనని వీరు కోరుట సహజము. కోరిక న్యాయమైనదే, కాని దానిని తీర్చుకొను మార్గము అంగడి అద్దాలపెట్టెలో వరుసగా మెరయుచున్న ఫ్రేములను చూచినంతమాత్రమున తెలియదు.

కళ్లద్దముల దుకాణమునందు మన ముఖమునకు ఏ ఫ్రేము శోభించునో, ఏ రంగు నచ్చునో, ఎంత వెల పెట్టగలమో అడుగుదురు. ఏ ఆట ఆడుదురు, ఆడునపుడు మెడ ఎటు వంగును, చూపు ఎచ్చట నిలుచును అని అడుగువారు అరుదు. దూరపు పవరును దగ్గరి పవరును గీత లేకుండ ఒకే అద్దమున ఇముడ్చు ప్రోగ్రెసివ్ అద్దముల విషయమున ఈ ప్రశ్నయే తక్కిన వానికన్నింటికంటె ముఖ్యమని నా దృఢాభిప్రాయము. వారు అడుగనిచో మనమే చెప్పవలెను.

ఇందుకు కారణము ఆ అద్దము పుట్టుకలోనే ఉన్నది. దూరమునకును దగ్గరకును ఒకే జోడు చాలునట్లు రెండు ఖండముల కళ్లద్దములను వాడుచున్నట్లు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో ఒక మిత్రునకు లేఖ వ్రాసియుండెను. పై ఖండము దూరమునకు, క్రింది ఖండము దగ్గరకు, నడుమ ఒక గీత. మన తాతలు ధరించిన బైఫోకల్ ఆ వంశమునకు చెందినదే. ఫ్రాన్సు దేశమున బెర్నార్ మెత్నాజ్ అను ఇంజనీరు, బైఫోకల్ ధరించిన తన తండ్రి ఇబ్బందిని కన్నులార చూచినవాడై, గీత లేకుండ పవరు పైనుండి క్రిందికి క్రమక్రమముగ మారునట్టి అద్దమును కల్పించెను. 1959లో అది వారిలక్స్ అను పేర విపణిలోనికి వచ్చెను. అయితే ఈ సౌకర్యము ఉచితముగ లభించినది కాదు. పవరు మారుచు దిగు నడిమి బాట మాత్రమే నిర్మలముగ ఉండి, దానికి ఇరుప్రక్కల మసక వ్యాపించును. ఆ బాట వెంబడి పవరు ఎంత త్వరితముగ మారునో, ప్రక్కకు జరుగుకొలది మసక దానికి రెట్టింపు త్వరితముతో పెరుగునని మింక్విట్జ్ అను జర్మను గణితజ్ఞుడు 1963లో నిరూపించెను. ఎంత ప్రసిద్ధమైన సంస్థయైనను ఈ నియమమును అతిక్రమింపజాలదు. మసకను ఒకచోట తగ్గించి మరియొకచోట పరచుట మాత్రమే దానికి సాధ్యము. కావున ఆ మసక మన ఆటకు అడ్డురాని తావున పడునట్లు చూచుకొనుటయే ఎంపికలోని రహస్యమంతయు.

రోడ్డు సైకిలు త్రొక్కువాని భంగిమను పరిశీలింపుడు. అతడు హ్యాండిలుపైకి వంగియుండుటచే తల దించినట్లుండి, ముందరి బాటను చూచు చూపు అద్దపు పై అంచునకు సమీపమునుండి వెలువడును. అచ్చట ఫ్రేము కమ్మి అడ్డుపడెనా, ఎదుటి గుంట దగ్గరకు వచ్చువరకు కనబడదు. అందుచేత సైకిలువానికి కనుబొమలవరకు ఎత్తుగా కూర్చుండు అద్దము కావలెను. ఇక హ్యాండిలుమీది చిన్న కంప్యూటరు తెర కంటికి సుమారు 65 సెంటీమీటర్ల దూరమున ఉండును. 40 సెంటీమీటర్లలో పుస్తకము చదువుటకు 2.50 డయాప్టర్ల అదనపు పవరు అవసరమైన కంటికి ఆ తెరను చదువుటకు 1.50 చాలును. ఇంటి కళ్లజోడు చీటీని ఉన్నదున్నట్లు చలువ అద్దములకు వేయించుకొనువారు ఈ ఒక్క డయాప్టరును వృథాగా మోయుచు, దానితోపాటు మింక్విట్జ్ చెప్పిన ప్రక్కల మసకను కూడ మోయుచున్నారు. ఆట జోడులో ఎవరును నవల చదువరు గదా! అదనపు పవరు తగ్గినకొలది నడిమి బాట విశాలమగును, వెనుక వచ్చు వాహనమును ఓరచూపున పసిగట్టుట సులభమగును. ఈ తగ్గింపు ఎంతవరకు తగునో కంటి పరీక్ష చేసినవారితో చర్చించి, ఆట కొరకు ప్రత్యేకముగ మరియొక చీటీ వ్రాయించుకొనుట శ్రేయస్కరము.

గోల్ఫ్ ఆడువాని కథ దీనికి విపరీతము. గోలకొండ నయాఖిలా మైదానమున బంతి ఎదుట నిలిచిన ఆటగాడు తల కదలింపక కన్నులు దించి పాదముల చెంత ఉన్న బంతిని చూడవలెను. దించిన చూపు చదువు పవరు ఉన్న అడుగుభాగమునుండి పోవును. బంతియో అడుగున్నర దూరమునందలి పుస్తకము కాదు, దాదాపు నిలువెత్తు దూరమున ఉన్న వస్తువు. బంతి మసకబారును; ఆటగాడు గడ్డము రొమ్మున కానించి చూడబోగా, ఏండ్ల తరబడి సాధన చేసిన భంగిమ చెడిపోవును. ఇట్టివారికి పవరు మారు బాటను కొన్ని మిల్లీమీటర్లు దిగువకు జరిపించి, అదనపు పవరును తగ్గించుకొనుట మేలు. పర్వతారోహకులకును, తిరుమల నుండి అలిపిరికి సుమారు 3,550 మెట్లు దిగివచ్చు భక్తులకును ఇదే ప్రమాదము పొంచియున్నది. ఎక్కునపుడు తెలియదు, దిగునపుడు మెట్టు అంచు చదువు పవరులో చిక్కుకొని, ఉన్నచోటునకంటె దగ్గరగనో దూరముగనో తోచును.

టెన్నిసు, క్రికెట్టు వంటి ఆటలకు ప్రోగ్రెసివ్ అద్దమే వలదని స్పష్టముగ చెప్పుదును. ఆకసమునుండి దిగు క్యాచికొరకు పరుగెత్తువాని కన్ను పైకి, ప్రక్కకు, క్రిందికి క్షణమున తిరుగును. మసకలేని ఒకే దూరపు పవరుగల అద్దమే అతనికి రక్ష. స్కోరు వ్రాయవలసి వచ్చినచో జేబులోని జోడు తీయవచ్చును.

ఆటకొరకు ముఖమును చుట్టుకొని వంగియుండు ఫ్రేములు మిక్కిలి ప్రచారమందున్నవి. గాలిని, ధూళిని, ప్రక్కనుండి వచ్చు ఎండను అవి చక్కగ అడ్డుకొనును. కాని వంపు హెచ్చిన అద్దమున చూపు ఏటవాలుగ ప్రవేశించుటచే వ్రాసిన పవరు ఒకటి, కంటికి అందు పవరు మరియొకటి అగును. ఫ్రేము వంపును, వాలును, కంటికిని అద్దమునకును గల ఎడమును కొలిచి, పవరును అందుకు తగినట్లు సవరించి కోయించు ఏర్పాటు ఉన్న దుకాణమునకే పోవలెను. అధికమైన పవరు గలవారు వంపు తక్కువైన ఫ్రేమునే ఆశ్రయింపవలెను. మరియు కంటిపాప నడుమనుండి అద్దపు అడుగు అంచువరకు సాధారణముగ 14 నుండి 18 మిల్లీమీటర్ల లోతు లేనిచో చదువు భాగము కోతలో పోవును. సన్నని ఆట ఫ్రేములనేకము ఈ పరీక్షలో తప్పును.

ఇక ఎండ సంగతి. అద్దము నల్లనైనంతమాత్రమున కన్ను భద్రమని తలచుట పొరపాటు. అతినీలలోహిత కిరణములు కంటికి కనబడవు. వానిని ఆపుట రంగుయొక్క పని కాదు. పైగా వానిని ఆపని నల్లటి అద్దము వెనుక చీకటికి కంటిపాప విప్పారి, ఆ కిరణములను మరింతగా లోనికి రానిచ్చును. ఏండ్ల తరబడి ఎండలో తిరుగువారికి శుక్లము త్వరపడుట, తెల్లగ్రుడ్డుపై కండ పెరిగి నల్లగ్రుడ్డు మీదికి ప్రాకుట వంటివి ఈ కిరణములతో ముడిపడియున్నవి. కావున 400 నానోమీటర్లవరకు నిరోధించునని వ్రాసియున్న అద్దమునే కొనవలెను. అద్దపు నలుపు పాళ్లు వేరు. వెలుతురులో 8 నుండి 18 శాతము మాత్రమే లోనికి వదలు మూడవ తరగతి అద్దము మన వేసవికి సరిపోవును. 3 నుండి 8 శాతము వదలు నాలుగవ తరగతి హిమశిఖరములకు తగును గాని, దానిని ధరించి వాహనము నడుపరాదు. ఎండలో తమంతట నల్లబడు అద్దములు ఉదయపు నీరెండలో బయలుదేరి మధ్యాహ్నమునకు తిరిగివచ్చువారికి అనుకూలమే. అయితే వేడి హెచ్చినకొలది వాని నలుపు తగ్గునని, మే నెల మధ్యాహ్నమున అవి తమ పూర్తి శక్తిని చూపజాలవని మనవంటి ఉష్ణదేశస్థులు గుర్తెరుగవలెను.

పారిస్ నగరమున 1808లో మాల్యూస్ అను శాస్త్రజ్ఞుడు లక్సెంబర్గ్ సౌధపు కిటికీలనుండి పరావర్తనమైన అస్తమయసూర్యుని కాంతిని స్ఫటికమునుండి చూచుచు, స్ఫటికమును త్రిప్పినకొలది ఆ కాంతి ప్రకాశము మారుచున్నదని గ్రహించెను. ఆనాటి ఆ పరిశీలనమే నేటి పోలరైజ్డ్ అద్దమునకు పునాది. నీటిపైని తళుకును అది తుడిచివేయుటచే గాలము వేయువారికిని, పడవ నడుపువారికిని దానిని మించినది లేదు. సైకిలువారు మాత్రము ఒకమారు ఆలోచింపవలెను: కొన్ని తెరలు ఆ అద్దమునుండి చూచునపుడు నల్లబడిపోవును, తడిబాటపై హెచ్చరిక చేయు మెరుపును అది మాపివేయును. తమ కంప్యూటరును దుకాణమునకు తీసికొనిపోయి, అద్దము వెనుకనుండి నాలుగు వైపుల త్రిప్పి చూచుకొన్నచో సందేహము తీరును. రంగులలో బూడిదవన్నె సహజవర్ణములను చెదరనీయదు. గోధుమవన్నె పచ్చికపై మిట్టపల్లములను స్ఫుటముగ చూపును.

అద్దపు పదార్థము విషయమున బేరమాడరాదు. ఆటలో కంటికి తగులు దెబ్బకు గాజు పగిలి కంటిలోనికే పోవును గనుక దానిని విడువవలెను. పాలికార్బొనేటు దెబ్బకు మిక్కిలి ఓర్చును, తేలికైనది. ట్రైవెక్స్ అంతటి దృఢమైనదయ్యు అంచులయందు రంగుల చీలిక తక్కువగా చూపును, వెల కొంత హెచ్చు. ఏదైనను ఎండలో నిలిపిన కారు ముందుభాగమున ఉంచినచో పైపూత బీటలువారును.

జోడు తయారై వచ్చిననాడు పరీక్షింపవలసినది ఒకటి ఉన్నది. ప్రోగ్రెసివ్ అద్దముపై సిరాతో వేసిన చిన్న కూడికగుర్తు ఉండును. దానిని తుడువకమునుపే జోడు ధరింపుడు. అద్దములోనికి తొంగి చూచుకొనిన చాలదు. సైకిలువారు హ్యాండిలు పట్టినట్లు వంగి, గోల్ఫువారు బంతి ఎదుట నిలిచినట్లు నిలిచి, ఆ గుర్తు కంటిపాప నడుమ ఉన్నదా, లేక దిగువకు జరిపించుకొన్నచో కోరినంత దిగువన ఉన్నదా అని దుకాణమువారిచేత కొలిపింపవలెను. ఎడమకంటికిని కుడికంటికిని ముక్కునుండి దూరము వేరుగ ఉండుట సాధారణము కావున, ఒక్కొక్క కంటిని విడిగ చూడుమని చెప్పవలెను. చెమటకు ఫ్రేము జారినచో ఈ కొలతలన్నియు వ్యర్థమగును. ముక్కుపట్టీలు, చెవికొనలు రబ్బరువై యుండి, తల విదిలించినను జోడు కదలకుండునట్లు అక్కడనే బిగింపించుకొని, మొదటి వారము రద్దీలేని వీధులలోను, ఇంటి మెట్లమీదను అలవాటు పడిన తరువాతనే పోటీకి ధరింపవచ్చును.