పగుళ్లు లేని బెల్టును నమ్మవచ్చునా?

పుదుచ్చేరిలోని ఇందిరా నగర్ నుండి యానాం చేరవలెనంటే 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోనివే అయినా, వాటి నడుమ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తీరాలు సాగి ఉన్నవి. సరుకు నింపుకొని అంత దూరం బయలుదేరే పికప్ డ్రైవరు టైర్లు తట్టి చూస్తాడు, ఆయిలు కొలుస్తాడు. బానెట్ క్రింద ఉండే సన్నని రబ్బరు పట్టీ మాత్రం తరచు అతని దృష్టిని తప్పించుకొంటుంది.

మన మెకానిక్కులు ‘ఫ్యాన్ బెల్టు’ అని పిలిచే ఈ పట్టీ ఇంజను శక్తిని అందుకొని ఆల్టర్నేటరును త్రిప్పుతుంది. అనేక వాహనాలలో వాటర్ పంపు, స్టీరింగు పంపు, ఏ.సి. కంప్రెసరు కూడ దీనిపైననే ఆధారపడి ఉంటాయి. అటువంటి వాహనంలో అది తెగితే బ్యాటరీకి విద్యుత్తు అందదు; స్టీరింగు బరువెక్కుతుంది; ఇంజనులో నీటి ప్రవాహం ఆగి, కొద్ది నిమిషాలలోనే సిలిండరు హెడ్డు వంకరపోయే ప్రమాదం ఏర్పడుతుంది.

పూర్వపు నియోప్రీన్ రబ్బరు బెల్టు పాతబడితే పగుళ్లు చూపి హెచ్చరించేది. 2000 తరువాత విరివిగా వాడుకలోకి వచ్చిన ఈ.పి.డి.ఎం. రబ్బరు బెల్టులు అంత సులభంగా పగలవు. టైరు వలె నిశ్శబ్దంగా అరుగుతాయి. గాళ్లు లోతెక్కిన కొలదీ బెల్టు పుల్లీలోనికి దిగి, పట్టు సడలి జారుతుంది. కనుక పగుళ్లు లేనంత మాత్రాన బెల్టు మంచిదని చెప్పలేము.

పరీక్షకు ముందు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, చల్లారనివ్వండి. టార్చి వెలుగులో గాళ్లను పరికించండి. ‘వి’ ఆకారం పోయి ‘యు’ ఆకారం వచ్చినా, ముక్కలు ఊడినా, అంచుల దారాలు లేచినా బెల్టు మార్చవలసినదే. చేతితో బిగించే పాత పద్ధతి బెల్టును పొడవైన భాగం మధ్య బొటనవ్రేలితో నొక్కితే సాధారణంగా ఒక సెంటీమీటరు ప్రాంతంలో క్రుంగాలి; మీ వాహనపు పుస్తకంలోని కొలతే ప్రమాణం. స్ప్రింగు టెన్షనరు ఉంటే దాని గుర్తు హద్దులలో ఉన్నదేమో చూడండి.

బెల్టు కీచుమంటే సబ్బు, గ్రీజు పూయకండి. చప్పుడు అణగినా, జారుడు మిగిలే ఉంటుంది. బెల్టుపై ఆయిలు పడుతూ ఉంటే, ముందు ఆ కారుడును ఆపించి, తరువాతనే కొత్తది వేయించండి.

దారిలో బ్యాటరీ ఎర్రదీపం వెలిగి, వేడిమి ముల్లు పైకి ప్రాకితే, ‘వచ్చే ఊరిదాకా పోదాం’ అనుకోవద్దు. రోడ్డు ప్రక్కన ఆపి వెంటనే ఇంజను కట్టివేయండి. చల్లారేవరకు రేడియేటరు మూత తీయకండి. సరియైన నంబరు గల బెల్టు ఒకటి బండిలో ఉంటే, ఏ చిన్న ఊరి మెకానిక్కు అయినా దానిని వేసి మిమ్మల్ని సాగనంపగలడు.