మీకు తెలుసా? కుక్కను పెంచొద్దని కోర్టే చెబితే...

ఇంగ్లండ్, వేల్స్‌లలో మూగజీవాన్ని హింసించినట్టు రుజువైతే జైలు, జరిమానాలతో పోదు. ఇక మీదట జంతువులను పెంచకూడదని కోర్టు నిషేధం కూడా విధించవచ్చు. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం, 34వ సెక్షన్ ఇచ్చిన అధికారమిది. నిషేధం పడిన వ్యక్తి, కుక్క మైక్రోచిప్ వివరాల్లో భార్య పేరు రాయించి, దాని బాగోగులు తానే చూసుకుంటానంటే కుదరదు. దాని పెంపకంలో పాలుపంచుకున్నా, ఎలా పెంచాలో చెప్పే హక్కు తన దగ్గర ఉంచుకున్నా నిషేధాన్ని మీరినట్టే. అది మళ్లీ కొత్త నేరం. జైలుకు పంపవచ్చు, ఉన్న జంతువులన్నిటినీ స్వాధీనం చేసుకోవచ్చు. నిషేధం ఎత్తేయమని అడగాలన్నా, కోర్టు వేరే గడువు పెట్టకపోతే, ఏడాది ఆగాల్సిందే.

తెలుగు రాష్ట్రాలతో సహా మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వర్తిస్తుంది. దాని 29వ సెక్షన్ కింద, కొన్ని షరతులకు లోబడి, శాశ్వతంగానో కొంతకాలానికో ఇలాంటి నిషేధమే పెట్టవచ్చు. ఉల్లంఘిస్తే మూడు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా ఎంత? గరిష్ఠంగా 100 రూపాయలు! ఈ రోజుల్లో ఇది ఎవరినీ భయపెట్టదు; వెంటనే పెంచాలి.