రోబో ఆగిపోయినప్పుడే అసలు పాఠం
బడి పిల్లలకు రోబోటిక్స్... బిగించేది ఎవరు? బాగుచేసేది ఎవరు?

సనత్‌నగర్: అమీర్‌పేట అనగానే మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్, గోడల నిండా అతికించిన సాఫ్ట్‌వేర్ కోర్సుల ప్రకటనలు గుర్తుకొస్తాయి. రెండు దశాబ్దాలకు పైగా ఇంజినీరింగ్ పట్టభద్రులు జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ జావా, ఒరాకిల్ నేర్చుకున్న ప్రాంతమిది. ఆ కంప్యూటర్ చదువు క్రమంగా బడి మెట్లు ఎక్కింది. మాధ్యమిక దశ నుంచే కోడింగ్ కృత్యాలు ఉండాలని జాతీయ విద్యావిధానం-2020 పేర్కొంది. ఆరో తరగతి నుంచే రోబోటిక్స్ నేర్పుతామనడం ప్రైవేటు పాఠశాలల ప్రవేశ కరపత్రాల్లో మామూలు మాటగా మారింది.

రుసుము చెల్లించే తల్లిదండ్రులకు తరగతి గదిలో ఏం జరుగుతోందో తెలిసే అవకాశం తక్కువ. నెల రోజుల తర్వాత పిల్లవాడు రోబోను పట్టుకుని దిగిన ఫొటో, దానితో పాటు ఒక ధ్రువపత్రం ఇంటికి వస్తాయి. ఆ రోబోను బిగించింది ఎవరు? మధ్యలో ఆగిపోతే సరిచేసింది ఎవరు? ఈ రెండింటికీ జవాబు 'మా సారు' అయితే, ఆ పిల్లవాడు చూసి వచ్చాడే తప్ప నేర్చుకుని రాలేదు. రెండింటి మధ్య తేడా ఏమిటో తెలియాలంటే ఒక చిన్న రోబో ఎలా తయారవుతుందో, అంతకు మించి ఎలా చెడిపోతుందో తెలుసుకోవాలి.

గీత వెంట నడిచే బండి

రోబో అంటే మనిషి ఆకారంలో ఉండి చేయి కలిపే యంత్రమే కానక్కర్లేదు. చుట్టూ ఏముందో పసిగట్టే సెన్సర్, దాన్ని బట్టి ఏం చేయాలో తేల్చే చిన్న కంప్యూటర్, చెప్పినట్లు కదిలే మోటారు... ఈ మూడూ ఉంటే అది రోబోయే. బడి పిల్లలతో సాధారణంగా మొదట చేయించేది తెల్లని చార్టుపై నల్లని ఇన్సులేషన్ టేపుతో వేసిన గీత వెంట నడిచే బండి.

దీనికి అట్ట లేదా అక్రిలిక్ పలక, పసుపు రంగు గేరు మోటార్లు రెండు, ముందు వైపు ఎటైనా తిరిగే చిన్న చక్రం, మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు, రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక ఆర్డ్యునో బోర్డు కావాలి. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థులు సైతం వాడుకునేలా రూపొందించిన బోర్డు ఆర్డ్యునో. దాని నమూనా చిత్రాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడం వల్లే అదే తరహా బోర్డులు నేడు చవకగా దొరుకుతున్నాయి.

సెన్సర్ పనితీరు తేలిక. అది కంటికి కనిపించని పరారుణ కాంతిని కిందికి ప్రసరింపజేస్తుంది. తెల్లని కాగితం ఆ కాంతిని వెనక్కి పంపుతుంది, నల్లని టేపు చాలావరకు పీల్చుకుంటుంది. గీతకు అటొకటి, ఇటొకటి సెన్సర్లు ఉంటాయి. ఎడమ సెన్సర్ కిందికి నల్లగీత వచ్చిందంటే బండి కుడి వైపు జారిందని అర్థం. అప్పుడు ఎడమ మోటారును ఆపి, కుడి మోటారును నడిపితే బండి ఎడమకు తిరిగి దారిలో పడుతుంది. కుడి సెన్సర్‌కు ఇదే తిరగేసి వర్తిస్తుంది. ప్రోగ్రామ్ మొత్తం దాదాపు ఇంతే. తెలుగు మాధ్యమం విద్యార్థి ఈ నాలుగు వాక్యాలను ముందు నోటు పుస్తకంలో తెలుగులోనే రాసుకుని, ఆ తర్వాత కంప్యూటర్ ఆదేశాలుగా మార్చుకోవచ్చు. ఆంగ్లం రాకపోవడం దీనికి అడ్డంకి కాదు. తర్కం తెలియకపోవడమే అడ్డంకి.

ఎక్కడ ఆగుతుందంటే...

కాగితంపై ఇంత సులువుగా ఉన్న బండి నేలపై పెట్టగానే నడవదు. నడవకపోవడానికి కారణాలు చాలావరకు అవే అవే ఉంటాయి.

మొదటిది కరెంటు. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో వేసే 9 వోల్టుల చదరపు బ్యాటరీని చాలామంది పిల్లలు తగిలిస్తారు. వోల్టులు ఎక్కువ కనుక బలం ఎక్కువని వారి లెక్క. మోటార్లు కదలడం మొదలైన క్షణంలో చాలా కరెంటు లాగుతాయి. ఆ చిన్న బ్యాటరీ అంత ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోయి బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది, మోటార్లు మళ్లీ లాగుతాయి, బోర్డు మళ్లీ ఆగుతుంది. బండి నిలబడిన చోటే వణుకుతుంది. విద్యార్థి ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతుంటాడు, తప్పు మాత్రం బ్యాటరీలో ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి మోటారు తిరిగేటప్పుడు వోల్టేజీ ఎంత పడుతోందో చూపిస్తే, వోల్టేజీకీ కరెంటుకూ తేడా ఆ పది నిమిషాల్లో బోధపడుతుంది. పాఠ్యపుస్తకంలో ఓమ్ నియమం కంఠస్థం చేసిన పిల్లలు కూడా ఇక్కడ తికమకపడతారు.

రెండోది వెలుతురు. రాత్రి ఇంట్లో ట్యూబులైటు కింద చక్కగా నడిచిన బండి, మర్నాడు బడి వరండాలో దారి తప్పుతుంది. ఎండలోనూ పరారుణ కాంతి ఉండటమే దీనికి కారణం. నల్లగీతపై ఉన్నా సెన్సర్‌కు వెలుగే కనిపిస్తుంది. సెన్సర్‌పై ఉండే చిన్న స్క్రూను తిప్పి దాని హద్దు మార్చాలి, లేదా నల్లకాగితంతో గొడుగులాంటిది కట్టాలి. ఈ గొడుగు ఆలోచన పిల్లలకు తట్టే దాకా ఉపాధ్యాయుడు నోరు మెదపకుండా ఉండటమే కష్టమైన బోధన.

మూడోది మోటార్లు. ఒకే పెట్టెలో వచ్చిన రెండు మోటార్లు ఒకే వేగంతో తిరగవు. తిన్నగా వెళ్లమంటే బండి ఒక పక్కకు లాగుతుంది. ఆర్డ్యునోలో మోటారు వేగాన్ని 0 నుంచి 255 వరకు అంకెలతో చెప్పవచ్చు. ఒకదానికి 200, మరోదానికి 188 ఇస్తే సరిపోవచ్చు. ఆ 188 ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆ బండికి మాత్రమే చెందిన అంకె అది. నేలపై సుద్దముక్కతో గీత గీసి, పదిసార్లు నడిపి, పక్కకు ఎంత జరిగిందో స్కేలుతో కొలిస్తేగానీ తేలదు.

తప్పుగా బిగించడానికి వీల్లేకుండా, ముక్కలన్నీ వాటంతటవే కుదిరేలా తయారైన ఖరీదైన కిట్లలో ఈ చిక్కుల్లో చాలావాటికి ముందే పరిష్కారం చేసి ఉంటుంది. చిన్న తరగతులకు అది సౌకర్యమే. ఎనిమిదో తరగతి విద్యార్థికి మాత్రం అది అన్నం కలిపి నోట్లో పెట్టడంతో సమానం.

58 అనే అంకె

బండి గీత వెంట నడిచాక, ఎదురుగా అడ్డం వస్తే ఆగేలా చేయడం తర్వాతి మెట్టు. దీనికి వాడే అల్ట్రాసోనిక్ సెన్సర్ సెకనుకు 40,000 కంపనాల శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తుంది. మనిషి చెవికి వినిపించేది 20,000 కంపనాల వరకే. గబ్బిలం చీకట్లో దారి వెతుక్కునేదీ ఈ పద్ధతిలోనే. నేర్పేవారు ఇచ్చే ప్రోగ్రామ్‌లో సాధారణంగా, వచ్చిన సమయాన్ని 58తో భాగించాలని ఉంటుంది. పిల్లలు దాన్ని యథాతథంగా దించేస్తారు, దూరం సెంటీమీటర్లలో సరిగ్గానే వస్తుంది.

ఆ 58 ఎక్కడిది? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే ఒక సెంటీమీటరుకు దాదాపు 29 మైక్రోసెకన్లు. వెళ్లిరావాలి కనుక రెండింతలు, 58. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలో ప్రతిధ్వని పాఠం చదివిన ఎవరైనా చేయగల లెక్క ఇది. మీ పిల్లల రోబోటిక్స్ తరగతి ఎలా సాగుతోందో పరీక్షించాలనుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. జవాబు రాకపోయినా ఫర్వాలేదు. 'తెలుసుకుని చెబుతాను' అని పిల్లవాడు మళ్లీ ప్రోగ్రామ్ తెరిస్తే ఆ తరగతి బాగానే నడుస్తున్నట్లు.

ఆలోచన కొత్తది కాదు

తప్పును వెతికి దిద్దుకోవడమే చదువన్న ఈ పద్ధతికి మూలపురుషుల్లో ఒకరు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన సైమూర్ పాపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆయన 1967లో సహచరులతో కలిసి పిల్లల కోసం 'లోగో' అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. ఆ భాషలో ఇచ్చిన ఆదేశాలకు నేలపై కదులుతూ గీతలు గీసే తాబేలు రోబో తర్వాత వచ్చింది. 1980లో ఆయన రాసిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథం పేరునే లెగో సంస్థ 1998లో తన రోబో కిట్లకు పెట్టుకుంది. ఆ కిట్ల తయారీ 2022తో ఆగిపోయింది. పాపర్ట్ దారిలో నడిచిన మిచెల్ రెస్నిక్ బృందం 2007లో 'స్క్రాచ్'ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. రంగు ముక్కలను ఒకదానికొకటి తగిలించి ప్రోగ్రామ్ రాసే ఆ పద్ధతితోనే ఇప్పటి పిల్లలు చాలామంది కోడింగ్ మొదలుపెడుతున్నారు.

పోటీలూ ఈ సూత్రాన్ని గుర్తించాయి. 2004లో సింగపూర్‌లో మొదలై 2016లో మన దేశంలోని గ్రేటర్ నోయిడాలో అంతర్జాతీయ తుదిపోటీలు జరుపుకొన్న వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో, ఆ రోజుల్లో ప్రధాన విభాగం విద్యార్థులు రోబోను విడిభాగాలుగానే తెచ్చి, పోటీ స్థలంలో తామే బిగించాల్సి వచ్చేది. ఆనాటి ఉదయమే ఒక కొత్త నిబంధన ప్రకటించేవారు. శిక్షకుడు ఇంట్లో తయారుచేసి ఇచ్చిన రోబోతో అక్కడ పని జరగదు.

పక్క వీధిలోనే పనితనం

సనత్‌నగర్‌కు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఇక్కడే ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు తయారుచేసింది. ఆ సంస్థ నేడు లేదు. పారిశ్రామికవాడ మాత్రం ఉంది. పక్కనే ఉన్న బాలానగర్‌లో ఐక్యరాజ్య సమితి సంస్థల తోడ్పాటుతో 1968లో ఏర్పాటైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. లేత్ మిషన్లపై ఏళ్ల తరబడి పనిచేసినవారు ఈ ప్రాంతంలో ఎందరో. ఇరుసు వంకరగా ఉంటే చక్రం ఎటు లాగుతుందో వారు చేత్తో తిప్పి చూసి చెప్పగలరు. అలాంటి ఒక పనివాడిని నెలకో శనివారం బడికి పిలిపించడానికి పెద్ద ఖర్చు ఉండదు. ఈ ఆలోచన చాలా బడులకు ఎందుకు రాదో మరి.

తాళం ఎవరు తీయాలి?

కేంద్ర ప్రభుత్వం 2016లో నీతి ఆయోగ్ ద్వారా అటల్ ఇన్నోవేషన్ మిషన్‌ను ప్రారంభించింది. దాని కింద ఎంపికైన పాఠశాలకు అటల్ టింకరింగ్ ల్యాబ్ కోసం రూ.20 లక్షల వరకు గ్రాంటు మంజూరవుతుంది. ఇందులో సగం పరికరాలకు, మిగతా సగం అయిదేళ్ల నిర్వహణకు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు విద్యార్థులు వాడుకోవచ్చు. దేశంలో ఇలాంటివి 10 వేల వరకు ఏర్పాటయ్యాయి. అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లోనే మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించారు.

డబ్బు, పరికరాలు సరే. వాటిని పిల్లల చేతికిచ్చే ఉపాధ్యాయుడి సంగతేమిటన్నదే ప్రశ్న. మోటారు కాలిపోతే లెక్క చెప్పాలన్న భయం ఉన్నచోట బీరువా తాళం పడుతుంది. త్రీడీ ప్రింటర్‌కు తొడిగిన కవరు అధికారుల తనిఖీ రోజునే తొలగుతుంది. పిల్లలు చేసే పనిలో కొన్ని భాగాలు పాడవుతాయని, అది నష్టం కాదు ఖర్చేనని ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా హామీ ఉంటే సగం తాళాలు తెరుచుకుంటాయి. వారానికి ఒకటి రెండు గంటలు ల్యాబుల్లో స్వచ్ఛందంగా మార్గదర్శనం చేసే నిపుణుల కోసం మిషన్ 'మెంటార్ ఆఫ్ ఛేంజ్' కార్యక్రమాన్ని నడుపుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేలల్లో ఉన్న నగరంలో దీనిని ఇంకా ఎంతో వాడుకోవచ్చు.

కేరళ మరో దారి పట్టింది. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ పాఠశాలలకు 29 వేల రోబో కిట్లు అందజేసి, 2025 జూన్ నుంచి పదో తరగతి విద్యార్థులందరికీ రోబోటిక్స్‌ను పాఠ్యాంశంగా చేసింది. ఎంపిక చేసిన కొందరికి కాకుండా అందరికీ అన్నదే అందులో గమనించదగ్గ అంశం.

ఒక బడిలో నలుగురికి ఒక కిట్టు ఇచ్చినప్పుడూ ఇదే సమస్య చిన్న రూపంలో ఎదురవుతుంది. మాటకారి ల్యాప్‌టాప్ పట్టుకుంటాడు, మరొకడు స్క్రూడ్రైవర్ తీసుకుంటాడు, ఆడపిల్లకు చాలాసార్లు నోట్సు రాసే పని మిగులుతుంది. ప్రతి తరగతికీ పనులు మార్చకపోతే ఏడాది చివరికి నలుగురిలో ఒకరికే రోబోటిక్స్ వస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టాలంటే...

పైన చెప్పిన బండికి కావలసిన భాగాలు, బోర్డుతో సహా, సుమారు రూ.1,500కు అటూఇటూగా దొరుకుతాయి. కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరున్న చోటు. సనత్‌నగర్ వాసులు ఎర్రగడ్డ లేదా ఈఎస్ఐ ఆసుపత్రి స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కళాశాల స్టేషన్‌లో దిగవచ్చు. ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్ ఉచితం. పాత కంప్యూటర్ అయినా సరిపోతుంది. బోర్డు కొనేటప్పుడే దాని యూఎస్‌బీ కేబుల్ అడిగి తీసుకోవాలి, దానికోసం మళ్లీ కోఠి వెళ్లాల్సిన పని తప్పుతుంది.

కరెంటు కోసం మోటార్లకు నాలుగు పెన్సిల్ సెల్లు, బోర్డుకు విడిగా మొబైల్ పవర్ బ్యాంకు వాడటం మేలు. రెండింటి నెగెటివ్ వైర్లను కలపడం మరిచిపోకూడదు, లేదంటే బోర్డు చెప్పేది మోటారు డ్రైవర్‌కు అర్థం కాదు. కొన్ని పవర్ బ్యాంకులు బోర్డు వాడే కరెంటు మరీ తక్కువగా ఉండటంతో వాటంతటవే ఆగిపోతుంటాయి. అప్పుడు వేరొకటి మార్చి చూడాలి. లిథియం సెల్లు బలమైనవే గానీ వైర్లు పొరపాటున తాకితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పెద్దవారు పక్కన లేకుండా వాటిని పిల్లల చేతికి ఇవ్వరాదు. సోల్డరింగ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అయితే మోటారుకు రెండు వైర్లు అతికించడానికి తప్ప, మొదటి బండికి దాని అవసరం పెద్దగా రాదు.