ఆరోగ్య బీమా: కొనేముందు ఇంట్లో ఉన్నది చూసుకుందాం

తుగ్గలి మండలంలో బతుకు వాన చేతిలో ఉంటుంది. వాన పడితే వేరుశనగ, పత్తి, ఆముదం. తొలకరికి పొలాల్లో వజ్రం దొరుకుతుందేమోనని వెతుకులాట. వాన మొహం చాటేస్తే గుంటూరు మిరప చేలకో, బెంగళూరు భవనాల పనికో వలస. ఇలాంటి ఇంట్లో ఒకరికి గుండె జబ్బు వచ్చినా, బండి మీద నుంచి పడి కాలు విరిగినా ముందు అమ్మేది ఎద్దుల జతను. తర్వాత తాకట్టు పెట్టేది కమ్మలు. ఆపైన నూటికి మూడు రూపాయల వడ్డీ. రోగి ఇంటికి వచ్చి నెలలు గడిచినా అప్పు మాత్రం మంచం దిగదు.

అందుకే ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతాల సంఘాల్లో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వింటున్నాం. తక్కువ ధరకు మంచి ఆరోగ్య బీమా ఎక్కడ దొరుకుతుంది? ఫోన్‌లో ప్రకటనలు వస్తున్నాయి. బ్యాంకులో లోన్‌కు వెళితే అక్కడా ఒక పాలసీ చూపిస్తున్నారు. ఇంటర్నెట్ సెంటర్ తమ్ముడు కూడా ‘అన్నా, ఇది తీసుకో, చాలా చీప్’ అంటున్నాడు. దేన్ని నమ్మాలి?

మా జవాబు రెండు మాటల్లో చెబుతాం. కొనేముందు మీకు ఇప్పటికే ఉన్నదేమిటో చూసుకోండి. కొనాల్సి వస్తే ‘ఎంత కట్టాలి’ అనే ప్రశ్నతో ఆగకుండా ‘ఏది చెల్లించరు’ అని కూడా అడగండి.

బీమా తీసుకోవడం అవిశ్వాసమా?

ఈ మాట కొందరు విశ్వాసుల మనసులో ఉంది కనుక ముందే చెప్పుకుందాం. ఐగుప్తులో యోసేపు పంట పండిన ఏడేళ్ళూ ధాన్యం కొట్లలో పోయించాడు. అది దేవుని మీద నమ్మకం లేక చేసిన పని కాదు. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారన్నది ఆ ఉపమానంలోనే ఉంది. పదిమంది ముందుగా కొంత కూడబెట్టి, ఆపద వచ్చిన ఒకరికి ఆసరా కావడమే బీమా. ప్రార్థనకు అది పోటీ కాదు.

బ్యాంకులో కట్ అయ్యేది ఆరోగ్య బీమా కాదు

‘మాకు బీమా ఉంది, ఏటా బ్యాంకులో డబ్బు కట్ అవుతుంది’ అనేవాళ్ళు చాలామంది. ఆ డబ్బు దేనికో తెలుసుకోవాలి. ఏడాదికి రూ.20 కట్ అయితే అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం కలిగినా రూ.2 లక్షలు ఇస్తారు. రూ.436 కట్ అయితే అది జీవన్ జ్యోతి బీమా యోజన. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.2 లక్షలు వస్తాయి. రెండూ 2015లో మొదలయ్యాయి. రెండూ మంచివే, వదులుకోవద్దు. కానీ డెంగీ జ్వరంతో ఆస్పత్రిలో చేరితే ఈ రెండింటిలో ఏదీ బిల్లు కట్టదు. లోన్‌తో పాటు అంటగట్టే పాలసీల్లో చాలావరకు అప్పు తీర్చడానికి ఉద్దేశించినవే. పాలసీ కాగితం మీద ‘ఆస్పత్రి చికిత్స ఖర్చు’ అని ఉందో లేదో చదివించుకోండి.

ఇంట్లో ఉన్న కార్డు

మన ప్రాంతంలో చాలా కుటుంబాలకు అసలు ఆసరా ప్రభుత్వ కార్డే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మన పొరుగున ఉన్న అనంతపురంతో పాటు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. ఏడాదికి రూ.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలను ఇందులోకి తెచ్చారు. చికిత్స ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో రూ.25 లక్షలకు పెంచారు. రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన రూ.25 లక్షల వరకు ట్రస్టు భరించే కొత్త విధానానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఇది కులాన్ని బట్టో మతాన్ని బట్టో వచ్చేది కాదు. చర్చికి వెళ్తున్నామని చెబితే కార్డు పోతుందేమోనన్న భయం అక్కర్లేదు.

అయితే మన సంఘాల్లో ఒక చిక్కు ప్రత్యేకంగా కనిపిస్తుంది. బియ్యం కార్డులో ఎల్లమ్మ, ఆధార్‌లో ఎస్తేరు. బాప్తిస్మం తర్వాత పేరు మార్చుకున్నవాళ్ళు ఒక కాగితంలో మార్చి ఇంకొక కాగితంలో వదిలేస్తారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది చిన్న విషయం. ఆస్పత్రి కౌంటర్ దగ్గర, రోగి స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు ఇదే పెద్ద గోడ. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో చేర్చకపోవడం కూడా ఇలాంటిదే. గ్రామ సచివాలయానికి వెళ్ళి ఈ పని ముందుగానే చేయించుకోవాలి.

కార్డు ఎక్కడ పనిచేస్తుందో కూడా తెలిసి ఉండాలి. జాబితాలో ఉన్న ఆస్పత్రిలో, జాబితాలో ఉన్న చికిత్సకే అది చెల్లుతుంది. మామూలు జ్వరానికి మందుల షాపులో కొన్న మాత్రలకు చెల్లదు. చేరేముందు 104కు ఫోన్ చేసి ‘ఈ జబ్బుకు దగ్గరలో ఏ ఆస్పత్రి ఉంది’ అని అడగండి. ఆస్పత్రిలో కార్డు రోగులకు సాయం చేయడానికి ఆరోగ్యమిత్ర ఉంటారు. వైద్యమిత్ర అని కూడా అంటారు. డబ్బు కట్టకముందే ఆ బల్ల దగ్గరికి వెళ్ళండి. ఒకసారి నగదు కట్టి చేరాక దాన్ని కార్డు కిందికి మార్పించుకోవడం కష్టం.

వలస వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకంలో కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స ఉంది. మీ పేరు ఆ జాబితాలో ఉంటే వేరే రాష్ట్రంలో ఆ పథకం కింద ఉన్న ఆస్పత్రిలోనూ చూపించుకోవచ్చు. ఆధార్ నంబరుతో ఆయుష్మాన్ యాప్‌లో చూసుకోవచ్చు, 14555కు ఫోన్ చేసి అడగవచ్చు. 70 ఏళ్ళు దాటిన పెద్దలకు ఆదాయంతో పనిలేకుండా వయ వందన కార్డును 2024 అక్టోబరులో ప్రారంభించారు. మీ ఇంట్లో అవ్వా తాతా ఉంటే వెంటనే అడగండి.

కార్డు ఉన్నంత మాత్రాన అన్నీ సాఫీగా సాగుతాయని మేము చెప్పడం లేదు. బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు ఆస్పత్రుల సంఘం 2025 అక్టోబరులో సేవలు నిలిపివేసింది. అలాంటి రోజుల్లో పేదవాడికి మిగిలేది కర్నూలు పెద్దాస్పత్రి, ఆదోని ఏరియా ఆస్పత్రి వంటి ప్రభుత్వ ఆస్పత్రులే. పథకం పేరు మీద గొడవపడే నాయకులు బకాయిల గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి.

కొనాలనుకునేవాళ్ళకు

కార్డుకు అర్హత లేనివాళ్ళు, పొరుగు రాష్ట్రంలో స్థిరపడినవాళ్ళు, చిన్న వ్యాపారులు ప్రైవేటు పాలసీ కొనవచ్చు. అమెరికాలో ఉన్న మన బంధువులు అక్కడి ‘మార్కెట్‌ప్లేస్’ గురించి చెబుతుంటారు. 2013 అక్టోబరు నుంచి అక్కడ ప్రభుత్వమే ఒక అంగడిలాంటి వెబ్‌సైట్ నడుపుతోంది. పాత జబ్బు ఉందని అక్కడ పాలసీ నిరాకరించకూడదు, ధర పెంచకూడదు. మన దేశంలో అలా కాదు. కంపెనీ నిరాకరించవచ్చు, ఎక్కువ అడగవచ్చు. అన్ని కంపెనీల పాలసీలు ఒకేచోట కొనుక్కునేలా ‘బీమా సుగమ్’ అనే వేదిక కోసం బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధనలు ఇచ్చింది. అలాంటి వేదిక ఉన్నా లేకున్నా పోల్చి చూసుకునే పని మనదే.

పోల్చడానికి ఒక తేలిక మార్గం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ‘ఆరోగ్య సంజీవని’ అనే పాలసీ అమ్మాలని నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు ఒకటే, ధర మాత్రమే వేరు. కాబట్టి ముందు మూడు నాలుగు కంపెనీల దగ్గర దీని ధర అడిగి, మిగతా పాలసీలను దీనితో పోల్చండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. ఎవరైనా ఇంకా వసూలు చేస్తే ప్రశ్నించండి.

ఇక ‘ఏది చెల్లించరు’ అనే ప్రశ్న. ఆరోగ్య సంజీవనిలో గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 2 శాతం, అదీ రూ.5,000 మించకుండా ఇస్తారు. మీరు రూ.2 లక్షల పాలసీ తీసుకున్నారనుకుందాం. గదికి పరిమితి రూ.4,000. మీరు రూ.8,000 గదిలో చేరితే కోత అద్దెతో ఆగదు. మందులు తప్ప డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు కూడా అదే లెక్కలో సగానికి తగ్గుతాయి. అవి రూ.60,000 అయితే లెక్కలోకి వచ్చేది రూ.30,000. అందులోనూ 5 శాతం మీ వాటా. ‘మంచి గది తీసుకోండి, ఇన్సూరెన్స్ ఉందిగా’ అని ఎవరన్నా ముందు మీ పరిమితి ఎంతో చూసుకోండి.

రెండోది, ఎదురుచూడాల్సిన కాలం. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజుల్లో ఏమీ రాదు. హెర్నియా, కంటి శుక్లం లాంటి వాటికి రెండేళ్ళ వరకు ఆగాల్సి రావచ్చు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కంపెనీ గరిష్ఠంగా మూడేళ్ళు ఆపవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్ళు. నొప్పి వచ్చాక కొన్న పాలసీ ఆ నొప్పికి పనికిరాదని దీని అర్థం.

మూడోది, నిజం చెప్పడం. ‘షుగర్ ఉందని రాయొద్దక్కా, ధర పెరుగుతుంది’ అని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. ఆ మాట విన్నవాళ్ళకు దెబ్బ ఆస్పత్రిలో తగులుతుంది. పాత చీటీలు బయటపడితే కంపెనీ బిల్లు కట్టదు, పాలసీనే రద్దు చేయవచ్చు. అయిదేళ్ళు వరుసగా కొనసాగిన పాలసీని మాత్రం మోసం రుజువైతే తప్ప ఆ కారణంతో కాదనకూడదు. ఫారం మీరే చదివి, లేదా చదివించుకుని సంతకం చేయండి. అబద్ధమాడకూడదని మనం పిల్లలకు సండే స్కూల్లో నేర్పేది ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఇక్కడ అది మన డబ్బును కూడా కాపాడుతుంది.

పాలసీ చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ నెలలోనే కూర్చుని చదవండి.

కాదంటే ఏం చేయాలి?

నగదు లేకుండా చికిత్స కోరినప్పుడు కంపెనీ గంటలో జవాబు చెప్పాలని, డిశ్చార్జి రోజున మూడు గంటల్లో తేల్చాలని నియంత్రణ సంస్థ 2024 మేలో ఆదేశించింది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు ఇవ్వాలి. 155255కు ఫోన్ చేసి బీమా భరోసాలోనూ నమోదు చేయించవచ్చు. నెలలోగా న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. చాలామంది మొదటి ‘కాదు’ దగ్గరే ఆగిపోతున్నారు. ఆగవద్దు.

సంఘం చేయగలిగింది

ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంట చాలు. సంఘంలో ఫోన్ బాగా తెలిసిన ఇద్దరు యౌవనస్థులు ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి. ప్రతి కుటుంబమూ బియ్యం కార్డు, ఆధార్, ఉంటే పాలసీ కాగితం తేవాలి. పేర్లు కలుస్తున్నాయా, అవ్వకు వయ వందన కార్డు ఉందా, పాలసీలో గది పరిమితి ఎంత అన్నవి చూసి ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఎవరి జబ్బు వివరాలూ బయటికి పొక్కకూడదు. సుగ్గికి పోయే కుటుంబాలు ఊరు వదలకముందే ఇది జరగాలి. ఆస్పత్రి వాకిట్లో మనవాళ్ళ కోసం ప్రార్థించే కాపరులకు మా మనవి ఒకటే. ఆ వాకిలికి చేరకముందు వాళ్ళ కాగితాలు కూడా ఒకసారి చూడండి.