బెంచ్‌ప్రెస్‌లో మోచేయి ఎక్కడ ఉండాలి?

సరిహద్దు గ్రామాలలో ఒకప్పుడు తాలింఖానాలు, గరిడీలు ఉండేవి. దండీలు, బస్కీలు తీయించే గురువు పక్కనే నిలిచి ప్రతి కదలికనూ సరిదిద్దేవాడు. నేడు వాటి స్థానంలో చిన్న చిన్న జిమ్‌లు వెలిశాయి. బల్ల, రాడ్డు, ప్లేట్లు ఉన్నాయి గాని, దగ్గరుండి చూపే గురువు అన్నిచోట్లా లేడు. పోలీసు, సైనిక ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువకులు ఒకరిని చూచి ఒకరు బరువులెత్తుతున్నారు. వారికి మిక్కిలి ఇష్టమైన వ్యాయామం బెంచ్‌ప్రెస్. అందులో తరచుగా దెబ్బతినేది భుజం. ఈ రెంటికీ నడుమ ఉన్న లంకె మోచేయి.

బల్లపై వెల్లకిల పడుకొని, రాడ్డును రెండు చేతులతో పట్టి, రొమ్ము మీదికి దించి, చేతులు పూర్తిగా చాచేవరకు పైకి నెట్టడమే బెంచ్‌ప్రెస్. పవర్‌లిఫ్టింగ్ పోటీలలోని మూడు అంశాలలో ఇది ఒకటి. మిగిలినవి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్. రొమ్ము కండరాలు, భుజం ముందుభాగం, దండచేయి వెనుక కండరాలు కలిసి ఈ పని చేస్తాయి. వీటిలో దేనిపై ఎంత భారం పడుతుందో చాలావరకు నిర్ణయించేది మోచేయి స్థానమే.

శిలువ కాదు, బాణపు మొన

అనుభవం లేనివారు సాధారణంగా మోచేతులను భుజాలకు సమానంగా, ఇరుపక్కలకు పూర్తిగా చాపుతారు. పైనుండి చూస్తే దేహం శిలువ ఆకారంలో కనిపిస్తుంది. దండచేయికీ పక్కటెముకలకూ నడుమ 90 డిగ్రీల కోణం ఏర్పడుతుంది. ఇక్కడే ప్రమాదం ఉంది.

భుజం బంతి గిన్నె కీలు. దీని గిన్నె లోతు తక్కువ. కాబట్టే చేయి అన్ని దిక్కులా తిరుగుతుంది, కాబట్టే ఈ కీలు సులువుగా దెబ్బతింటుంది. కీలుకు పైన ఎముక ఒకటి చూరువలె వంగి ఉంటుంది. దాని కింది ఇరుకు సందులోనుండి స్నాయుబంధనాలు, అనగా కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళవంటి భాగాలు, సాగిపోతాయి. మోచేతులు భుజాల వరుసలో ఉండగా బరువు కిందికి దిగితే ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. కీలు ముందుభాగం అతిగా సాగుతుంది. ఒక్కరోజులో ఏమీ తెలియదు. నెలల తరబడి అదే పద్ధతి సాగితే నొప్పి మొదలవుతుంది.

అలాగని మోచేతులను పక్కటెముకలకు అంటించడమూ సరికాదు. అప్పుడు రొమ్ము కండరాల వాటా తగ్గి, దండచేయి వెనుక కండరాలపై భారం పెరుగుతుంది. రాడ్డు పొట్టవైపు జారుతుంది, మణికట్టు వంగుతుంది.

సరైన స్థానం ఈ రెంటికీ మధ్యన ఉంది. కోణం సుమారు 45 నుండి 70 డిగ్రీల లోపు ఉండాలి. పైనుండి చూస్తే తల వైపు చూపే బాణపు మొనవలె కనిపించాలి. చేతుల పొడవును బట్టి ఒకరికీ మరొకరికీ స్వల్ప భేదం ఉంటుంది. బురదలో దిగబడిన బండిని వెనుకనుండి తోసేవానిని గమనిస్తే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. అతడు మోచేతులను భుజాల ఎత్తుకు లేపడు, డొక్కలకూ అదమడు. నడుమన ఉంచి తోస్తాడు.

చేయవలసిన క్రమం

1. పాదాలు నేలపై గట్టిగా ఆనాలి. పిరుదులు, భుజాల వెనుకభాగం, తల బల్లను వీడరాదు.

2. వీపుపై ఉన్న రెక్క ఎముకలను దగ్గరకు లాగి, కొద్దిగా కిందికి దించి బిగించాలి. మోచేతులు సరిగా నిలవడానికి ఇదే పునాది.

3. భుజాల వెడల్పుకంటె కొంత ఎడంగా రాడ్డును పట్టాలి. బొటనవేలు రాడ్డును తప్పనిసరిగా చుట్టుకోవాలి. లేనిచో రాడ్డు జారి రొమ్ముపైనో గొంతుపైనో పడవచ్చు.

4. రాడ్డును మెల్లగా చనుమొనల వరుసకు గాని, దానికి కాస్త దిగువకు గాని దించాలి. మెడవైపు దించితే మోచేతులు వాటంతటవే విచ్చుకుంటాయి.

5. రాడ్డు రొమ్మును తాకినప్పుడు ముంజేతులు నిటారుగా ఉండాలి. మణికట్టు రాడ్డు కిందను, మోచేయి మణికట్టు కిందను ఉండడమే గుర్తు. అలా లేకుంటే పట్టు వెడల్పును సరిచేసుకోవాలి.

6. పైకి నెట్టేటప్పుడు రాడ్డు కొద్దిగా తలవైపు వాలుతూ వచ్చి భుజాలకు నేరుగా పైన ఆగాలి. చివర మోచేతులను విదిలించరాదు.

బరువు ఎక్కువ వేసి సగం దూరమే దించడం మరొక దోషం. పోటీలలోనూ లోతుకు నియమం ఉంది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య 2023 నుండి అమలుచేసిన నిబంధన ప్రకారం, రాడ్డు దించినప్పుడు మోచేతి కీలు అడుగుభాగం భుజం కీలు పైభాగానికి సమానంగా గాని, ఇంకా కిందికి గాని రావాలి. చూపుడువేళ్ళ నడుమ దూరం 81 సెంటీమీటర్లు దాటరాదన్న నియమం కూడా ఉంది.

ఇంటివారు గమనించవలసినవి

పోటీలకు వాడే రాడ్డు ఒక్కటే 20 కిలోలు ఉంటుంది. మోచేతి స్థానం అలవడేవరకు ప్లేట్లు వేయక ఖాళీ రాడ్డుతో సాధన చేయడం లజ్జాకరం కాదు. బరువు పెంచిన తరువాత తలవైపు ఒకరు నిలబడి ఉండాలి. ఒంటరిగా ఎత్తడం ప్రాణాపాయం. గొంతుపై రాడ్డు పడి మరణించినవారున్నారు. రాడ్డు లేనివారు దండీలు తీసినా చాలును. అందులోనూ మోచేతులకు ఇదే కోణం వర్తిస్తుంది.

వ్యాయామం మరునాడు కండరాలు సలపడం సహజం. అయితే చేయి పైకెత్తినప్పుడు భుజంలో సూదితో పొడిచినట్లున్నా, ఆ పక్కకు ఒత్తిగిలితే రాత్రి నిద్ర పట్టకపోయినా బరువులు మాని ఎముకల వైద్యుని చూడాలి. ఎత్తుతుండగా రొమ్ములోనో చంకవద్దనో పుటుక్కుమని తెగినట్లై, ఆ చోట కమిలిపోతే అదేరోజు చూపించాలి.

కొన్ని రాష్ట్రాల పోలీసు నియామకాలలో గుండు విసిరే పరీక్ష ఉంది. సైనిక నియామకంలో బీము పట్టుకొని దేహాన్ని పైకి లాగే పరీక్ష ఉంది. రెంటికీ భుజమే ఆధారం. ఏ ఉద్యోగం కొరకు కుమారుడు తెల్లవారుజామున లేచి జిమ్‌కు పోతున్నాడో, ఆ ఉద్యోగాన్ని దూరం చేసే గాయం అక్కడే కాగూడదు. ఎన్ని కిలోలు ఎత్తావని అడిగే ముందు, మోచేయి ఎక్కడ ఉంచావని అడగడం మేలు.