సవర మాట ఉంది, పాట సంగతేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ అంచుల్లో తరతరాలుగా వినిపిస్తున్న సవర భాష తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. ముండా కుటుంబానికి చెందిన ఈ భాషకు దూరపు బంధువులు కంబోడియా, వియత్నాంలలో ఉన్నాయి. వాళ్ల లెక్కే చూడండి. 13 అంటే 'పన్నెండూ ఒకటి'. 93 అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి! 2011 జనగణనలో దేశం మొత్తం మీద 4 లక్షల మందికి పైగా దీన్ని మాతృభాషగా చెప్పారు. ఎక్కువమంది ఒడిశా వాళ్లే. మన వైపు సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాలు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి.

వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో టీచరుగా ఉండగా సవరల దగ్గరే ఈ భాష నేర్చుకున్నారు. పాటలు సేకరించారు. సవర పిల్లలకు బడులూ పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి.

రాయడం అంత సులువేం కాదు. అరబ్బీ హమ్జాలాగా గొంతులో గాలి ఠక్కున ఆగే శబ్దం సవరలో ఉంది, తెలుగు అక్షరమాలలో లేదు. దువాలను తెలుగు లిపిలో రాసుకునే ఇళ్లకు ఈ తిప్పలు తెలిసినవే. 1936లో మంగై గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు. అయినా ఒడిశాలో ఒడియా, రోమన్ లిపులూ నడుస్తున్నాయి. ఆంధ్రాలో బడి పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒకే భాష, నాలుగు రాతలు. అటు పుస్తకం ఇటువాళ్లు చదవలేరు.

పాట కథ వేరు. సవరల పాత ఆచారంలో చనిపోయినవాళ్లు పూజారి నోట మాట్లాడతారని నమ్మకం. వాళ్లను పిలిచేది పాటతోనే. ఒక చరణం, వెంటనే దాదాపు అదే చరణం ఒకటి రెండు మాటల మార్పుతో. రోజువారీ మాటల్లో వినపడని పదాలు అందులో ఉంటాయి. బ్రిటన్ పరిశోధకుడు పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి వీటిని రికార్డు చేశారు. తర్వాతి తరం క్రైస్తవం వైపో, హిందూ పద్ధతుల వైపో వెళ్లింది. ఎవరి నమ్మకం వాళ్లిష్టం, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ తంతు ఆగితే పాట పాడే సందర్భమే ఉండదు.

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సిటన్ భాషది దీనికి తిరగబడ్డ కథ. 12వ శతాబ్దంలో అక్కడి కవిగాయకులు యూరప్‌కే ప్రేమపాట నేర్పారు. తర్వాత బడుల్లో ఆ భాష మాట్లాడిన పిల్లల్ని అవమానించారు. 1904లో మిస్త్రాల్‌కు నోబెల్ వచ్చినా ఇళ్లలో మాట ఆగలేదు, తగ్గుతూనే పోయింది. మార్సెయ్‌లో రెగ్గే బాణీలో ఆ భాషను పాడుతున్నారు. అక్కడ మాట పోతుంటే పాట మోస్తోంది. ఇక్కడ ఇంట్లో మాట ఉంది, పాటే జారిపోతోంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదట్లో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. ఆ పాఠాలు చెప్పడానికి సవర వచ్చిన టీచరు కావాలి. పాట నేర్పడానికి మాత్రం ఊళ్లోని ముసలివాళ్లనే బడికి పిలవాలి.