వాలుగ, కొర్రమట్ట గాలములకు ఉక్కుతీగ కట్టు విధము

తెలంగాణలో 2016వ సంవత్సరమున ప్రభుత్వమువారు చెరువులలో చేపపిల్లలను వదలు పథకమును ప్రారంభించిరి. పొలమున సొంతకుంట గల రైతులును శీలావతి, బొచ్చె, ఎఱ్ఱమోసు పిల్లలను కొని పెంచుచుందురు. ఈ పిల్లలు మొదట వ్రేలెడు పొడవైనను ఉండవు. నీటిలో వాలుగ యున్నచో ఇవన్నియు దానికి మేత యగును. పిల్లల వెలయు, వేసిన పెంటయు, కాచిన శ్రమయు వ్యర్థమగును.

వాలుగను ఎవ్వరును తెచ్చి కుంటలో వేయరు. ఎగువ చెరువు అలుగు పారినపుడు వరదనీటి వెంట అది తానే దిగివచ్చును. కుంట పూర్తిగా ఎండినచో దాని బాధ తీరును. ఎండని కుంటలో ఇప్పచెక్క వేయు పద్ధతి కలదు గాని, ఒక హెక్టారు కుంటలో మీటరు లోతు నీటికి 2500 కిలోగ్రాముల చెక్క కావలయును. అది మంచిచేపను చెడుచేపను ఒక్కటిగా చంపును. తుమ్మమోళ్లును తామరతీగలును గల చోట వల సాగదు. అట్టిచోట మిగిలినది గాలమే. అయితే గాలమునకు తగిలిన వాలుగ తఱచుగా దారము తెంపుకొని పోవును. రైతు దారము సన్నమైనదని తలచి, మొత్తము దారమును లావుచేయును. లావుదారమును కూడ అది తెంపును. లోపము దారమంతటిలోను లేదు. గాలమునకు పైనున్న జేనెడు భాగములో మాత్రమే యున్నది. ఆ భాగమును ఉక్కుతీగతో కట్టినచో తక్కిన దారము మామూలుదైనను చాలును.

1. చేపల నోటి తీరు

శీలావతి, బొచ్చె, మోసు చేపలకు దవడలలో దంతములుండవు. వాటికి తీగ అక్కఱలేదు. వాలుగ నోరు కంటిని దాటి వెనుకవఱకు చీలియుండును. పై దవడను, క్రింది దవడను సన్నని మొనగల దంతములు అనేక వరుసలుగా పట్టీవలె నుండును. ఇవి కత్తివలె ఒక్కసారిగా కోయవు. ఆకురాయివలె దారమును రాచి, పోగుపోగుగా తెంపును. అందుచేతనే చేప కొంతసేపు పెనగులాడిన పిమ్మట, గట్టు దగ్గఱకు వచ్చినపుడు దారము తెగును. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన వల్లాగో అను పేరు తెలుగు వాలుగ మాటనుండి పుట్టినదే.

కొర్రమట్ట దవడలు బలమైనవి. క్రింది దవడలో కొన్ని పెద్ద కోఱలుండును. అది ఎరను అందుకొనగానే నాచులోనికి, మోళ్లలోనికి చొచ్చును. అక్కడ కోఱలును మోళ్లును రెండును దారమును కొఱుకును.

2. తీగను ఎన్నుకొనుట

ఇంటిపనులకు వాడు కట్టుతీగ మెత్తనిది. వంగినచోటనే మాటిమాటికి వంగి విఱుగును. రాగితీగయు, ఇత్తడితీగయు బలహీనములు. ఈ మూటిని వాడరాదు.

ఒంటిపేట తుప్పుపట్టని ఉక్కుతీగ మేలు. 0.45 మిల్లీమీటర్ల మందముగల తీగ సుమారు 30 కిలోగ్రాముల లాగుడును ఓర్చును. ఇది సన్నముగా నుండుటచే చేప అనుమానింపదు. దంతములు దీనిని ఏమియు చేయలేవు. దీని దోషమొక్కటే: మెలిక పడినచో ఆ చోట సులభముగా విఱుగును.

ఏడుపోగుల పేనిన ఉక్కుతీగ మెత్తగా వంగును, మెలిక పడదు. బ్రతికిన ఎరకు ఇది అనుకూలము. అయితే పోగులొక్కొక్కటి తెగుచుండుటచే తఱచుగా చూచుచుండవలెను. ఒక మిల్లీమీటరు మందపు నైలాను దారము వాలుగకు కొంతవఱకు పనిచేయును గాని, రాత్రియంతయు కట్టియుంచు గాలమునకు పనికిరాదు. తెల్లవాఱుసరికి రాపిడిచే తెగును.

సికింద్రాబాదు కార్ఖానా, తిరుమలగిరి, అల్వాలు ప్రాంతములవారికిని, ఆ బాటననే శామీరుపేట వైపునవారికిని రాణీగంజులోని ఇనుపసామాను అంగళ్లు అందుబాటులో నున్నవి. తీగ కొనునపుడు ఒక ముక్కను వ్రేలికి చుట్టి వదలవలెను. మంచి ఉక్కుతీగ వెంటనే విచ్చుకొనును. చుట్టినది చుట్టినట్లే యుండునది కట్టుతీగ.

3. కొలత

కొర్రమట్టకు ఒక జేన పొడవు తీగ చాలును. వాలుగ ఎరను లోతుగా మ్రింగును గనుక ఒక మూర కావలెను. ముడులకు ఇరువైపుల నాలుగేసి అంగుళములు అదనముగా తీసికొనవలెను. తీగ బలము దారము బలమునకు తక్కువ కారాదు.

4. కట్టు విధము

మొదట తీగ కొనను గాలపు కంటిలో దూర్చి, నాలుగంగుళములు వెలికిలాగి, చిన్న ఉచ్చుగా మడవవలెను. ఉచ్చును పట్టుకారుతో పట్టి, రెండు కాళ్లను ఒకదానిపై నొకటి దాటించి, రెండింటిని సమముగా ఐదాఱు మెలికలు త్రిప్పవలెను. ఒక కాలు నిటారుగా నుండి రెండవది మాత్రము దానిని చుట్టుకొన్నచో ముడి జాఱును. ఇదియే సాధారణముగా జరుగు పొరపాటు. పిమ్మట మిగిలిన కొనను అడ్డముగా వంచి, ప్రధానపు తీగచుట్టు నాలుగైదు చుట్లు దగ్గఱదగ్గఱగా చుట్టవలెను.

కొనను కత్తిరింపరాదు, కత్తిరించినచో మొన మిగిలి చేతిని చీల్చును. కొనను పిడివలె వంచి గుండ్రముగా త్రిప్పినచో అది చుట్టు దగ్గఱనే నున్నగా విఱుగును.

తీగ రెండవ కొనను ఇట్లే తిరుగుడు ఉంగరమునకు కట్టి, ఉంగరము రెండవవైపున దారమును ముడివేయవలెను. వాలుగ దొర్లుచు లాగును. ఉంగరము తిరుగుటచే దారమునకు పురి పడదు. పేనిన తీగను ఇట్లు కట్టరాదు. సన్నని లోహపు గొట్టములో మడతపెట్టి దూర్చి, పట్టుకారుతో గట్టిగా నొక్కవలెను.

5. పరీక్షయు జాగ్రత్తలును

గాలమును గట్టి గుంజకు తగిలించి, చేతికి గుడ్డ చుట్టుకొని, దారమును బలముగా లాగి చూడవలెను. ముడి జాఱినచో ఇంటిలోనే జాఱుట మేలు. ప్రతి చేపను పట్టిన పిదప తీగను వ్రేళ్లతో తడిమి చూచి, మెలిక పడినను, పోగు తెగినను పాఱవేసి క్రొత్తది కట్టవలెను. చేప నోటిలో వ్రేలు పెట్టక, గాలమును పట్టుకారుతోనే తీయవలెను.

పనికిరాని తీగముక్కలను గట్టుమీద వదలుట మహాదోషము. మేతతోబాటు తీగముక్కను మ్రింగిన బఱ్ఱెకు అది రెండవ పొట్టను పొడిచి గుండెవఱకు పోయి ప్రాణము తీయగలదు. ఒక చేపకొఱకు పాడిపశువును పోగొట్టుకొనుట ఏ రైతుకును తగదు. ముక్కలన్నిటిని సీసాలో వేసి ఇంటికి తెచ్చి, లోతుగా పాతవలెను.

6. ఎప్పుడు పట్టరాదు

కొర్రమట్ట తెలంగాణ రాష్ట్రపు చేప. మంచి ధర పలుకునది. తల్లిదండ్రులు రెండును ఎఱ్ఱని పిల్లలగుంపును కాచుచుండును. పిల్లలు గుంపుగా కనబడినచోట గాలము వేసి పెద్దచేపను తీసినచో గుంపంతయు నశించును. వాలుగ సొంతకుంటలో శత్రువైనను, నదులలోను పెద్ద జలాశయములలోను తఱుగుచున్న జాతి. కావున కుంటలో పిల్లలను వదలుటకు ముందు వేసవిలోనే దానిని తీయవలెను. తొలకరి వరదలలో ఈనుటకు ఎదురేగు చేపలను వాగులలో పట్టరాదు. చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సంఘమున కున్నచో వారి యనుమతి పొందినపిదపనే గాలము వేయవలెను.

సంగ్రహము: దారమును లావుచేయక, కొన జేనెడును ఉక్కుతీగతో కట్టవలెను, రెండు కాళ్లను సమముగా మెలివేయవలెను, కొనను కత్తిరింపక విఱువవలెను, ముక్కలను గట్టున వదలరాదు. ఈ నాలుగింటిని పాటించిన రైతుకు గాలమును దక్కును, కుంటలోని పిల్లలును దక్కును.